సిస్టమ్ ఆన్ అవ్వట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

“సిస్టమ్ ఆన్ అవ్వట్లేదు” అని ఎవరు ఫోన్ చేసినా నేను ముందడిగేది ఒకటే: “ఫ్యాన్ తిరుగుతోందా?” ఎందుకంటే ఆ ఒక్క మాట వెనక నాలుగు రకాల జబ్బులుంటాయి. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగానే ఉండిపోవడం రెండోది. కంపెనీ లోగో దాకా వచ్చి, బూట్ అయ్యే డిస్క్ దొరకలేదంటూ ఆగిపోవడం మూడోది. విండోస్ మొదలైనట్టే మొదలై, చుక్కలు తిరిగి తిరిగి మళ్లీ మొదటికి రావడం నాలుగోది. మొదటి రకానికి ఫార్మాట్ కొట్టినా, నాలుగో రకానికి ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే పెట్టె) మార్చినా డబ్బు దండగే.

కంప్యూటర్ లేవడానికి ఒక వరస ఉంది. మీరు బటన్ నొక్కగానే మదర్‌బోర్డ్ ఆ కబురు ఎస్‌ఎంపీఎస్‌కు పంపుతుంది. ఎస్‌ఎంపీఎస్ కరెంటు ఇచ్చి, వోల్టేజీలు కుదురుకున్నాక “అంతా బాగుంది” అని తిరిగి చెబుతుంది. అప్పుడు ప్రాసెసర్ లేచి, మదర్‌బోర్డ్‌లోనే ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రామును నడుపుతుంది. బయోస్ ర్యామ్‌ను, గ్రాఫిక్స్‌ను పరీక్షిస్తుంది. ఆ తర్వాతే డిస్క్, డిస్క్‌లోంచి విండోస్. ముందువాడు లేస్తేనే వెనకవాడు లేస్తాడు. కాబట్టి తెర మీద లోగో కనిపించిందంటే ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ నాలుగూ కనీసం నిలబడ్డాయన్నమాట. వాటి జోలికి వెళ్లకుండా నేరుగా డిస్క్ దగ్గరికి పోవచ్చు.

ఈ వరస తెలియక మా పెదనాన్నగారు ఒకసారి 18 వేలు వదిలించుకోబోయారు. తెర రావట్లేదని షాపుకు తీసుకెళ్తే “మదర్‌బోర్డ్ పోయిందండీ, పాత మోడల్ దొరకదు, ప్రాసెసర్‌తో సహా మార్చాలి” అన్నారట. నేను వెళ్లి ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. లేచి కూర్చుంది. షాపువాళ్లు మోసం చేశారని కూడా అనను. ఎదుట పది డబ్బాలు వరసలో ఉన్నప్పుడు తీరిగ్గా రుద్దే ఓపిక ఎవరికుంటుంది? ఆ ఓపిక మీకుంటే చాలు, ఈ పనిలో సగం మీరే చేసుకోవచ్చు.

డబ్బా తెరిచే ముందు

ఒక స్టార్ స్క్రూడ్రైవర్, పెన్సిల్ రబ్బరు, మెత్తటి పెయింట్ బ్రష్, ఫోన్ టార్చి దగ్గర పెట్టుకోండి. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. గోడ దగ్గర స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్గు పీకేయండి. పీకాక పవర్ బటన్‌ను ఓ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కాస్త కరెంటూ దిగిపోతుంది. మూత తీశాక రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకుని అప్పుడు పని మొదలుపెట్టండి. ఒంట్లో ఉన్న స్టాటిక్ చార్జీ ర్యామ్ మీదికి దూకకుండా ఇది కాపాడుతుంది. ఏ వైరు పీకినా పీకే ముందు ఫొటో తీయండి. తిరిగి పెట్టేటప్పుడు ఆ ఫొటో విలువ తెలుస్తుంది.

ఇంకో రెండు మాటలు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. ర్యామ్ రుద్ది, కేబుల్ మార్చి, బ్యాటరీ తీసి, అన్నీ ఒకేసారి చేస్తే సిస్టమ్ లేస్తుంది కానీ ఎందుకు లేచిందో తెలియదు, వచ్చే నెల మళ్లీ ఇదే కథ. రెండోది, ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. మన 230 వోల్టుల కరెంటు అందులోని కెపాసిటర్లో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకినా వెంటనే పోదు.

అసలు చప్పుడే లేకపోతే

డబ్బాను ముట్టుకోకముందు గోడ దగ్గర మొదలుపెట్టండి. అదే ప్లగ్గులో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. తర్వాత యూపీఎస్‌ను అనుమానించండి. చిన్న యూపీఎస్‌లలో ఉండేది సాధారణంగా 12 వోల్టులు, 7 యాంపియర్ అవర్ల బ్యాటరీ. రెండుమూడేళ్లకు అది నీరసపడుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కొన్ని యూపీఎస్‌లు కరెంటు ఉన్నా సరే ఆన్ కావు. మనం మాత్రం కంప్యూటర్ పోయిందనుకుంటాం. యూపీఎస్‌నూ, స్పైక్ బస్టర్‌నూ పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి చూడండి.

పవర్ కేబుల్ పాడైందేమో చూడ్డానికి కొత్తది కొనక్కర్లేదు. అడాప్టర్ లేని మానిటర్లకు వచ్చేదీ అదే కేబుల్. అటుదిటు మార్చి చూడండి. డబ్బా వెనక ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్విచ్ ఉంటే అది గీత ఉన్న వైపు నొక్కి ఉండాలి, సున్నా వైపు కాదు. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఆ స్విచ్ ఆగిపోయిన కేసులు నేను చూశాను. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో ఎర్రటి మరో స్విచ్ ఉంటుంది, 115 అనీ 230 అనీ రాసి. అది మన దేశంలో ఎప్పుడూ 230 మీదే ఉండాలి. పిల్లలు దాన్ని 115కి జరిపి ఆన్ చేస్తే ‘ఢాం’ అనడం ఖాయం.

ఇవన్నీ సరిగ్గా ఉంటే మూత తీయండి. ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కకుండానే మదర్‌బోర్డ్ మీద చిన్న లైటు ఏదైనా వెలుగుతోందా చూడండి. అన్ని బోర్డుల మీదా ఉండదు గానీ, వెలుగుతుంటే మాత్రం ఎస్‌ఎంపీఎస్ కొంతైనా బతికి ఉన్నట్టే. అప్పుడు అనుమానం పవర్ బటన్ మీదికి మళ్లుతుంది. ఏళ్ల తరబడి నొక్కుడికి బటన్లు అరిగిపోతాయి. దీనికి చక్కటి చిట్కా ఒకటుంది. ముందు ప్యానెల్ నుంచి సన్నటి వైర్లు వచ్చి మదర్‌బోర్డ్ మూలన పిన్నులకు తగిలించి ఉంటాయి. వాటిలో పవర్ స్విచ్ వైరు తీసేసి, దాని చోట రీసెట్ స్విచ్ వైరు పెట్టండి. ఇప్పుడు రీసెట్ బటన్ నొక్కితే సిస్టమ్ లేచిందంటే పోయింది బటనే. కొత్త క్యాబినెట్ కొనేదాకా రీసెట్ బటన్‌తోనే కానిచ్చేయొచ్చు. మా ఇంట్లో ఒకటి నాలుగేళ్లు అలాగే నడిచింది.

బటన్ కాదని తేలితే ఎస్‌ఎంపీఎస్ పరీక్ష. ప్లగ్గు పీకి, ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డ్‌కూ, డిస్కులకూ, గ్రాఫిక్స్ కార్డుకూ వెళ్లే వైర్లన్నీ తీసేయండి. 24 పిన్నుల పెద్ద కనెక్టర్లో ఆకుపచ్చ వైరు ఒకటే ఉంటుంది. పేపర్ క్లిప్‌ను యూ ఆకారంలో వంచి, ఒక కొన ఆకుపచ్చ వైరు రంధ్రంలో, రెండో కొన పక్కనున్న నల్ల వైరు రంధ్రంలో పెట్టండి. పెట్టాకే ప్లగ్గు తగిలించి స్విచ్ వేయండి, వేశాక క్లిప్పును ముట్టుకోవద్దు. ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ కనీసం మొదలవుతోంది. తిరక్కపోతే చాలావరకు పోయినట్టే. ఖరీదైన రకాల్లో కొన్ని వేడెక్కితే తప్ప ఫ్యాన్ తిప్పవు, అలాంటి వాటికి మల్టీమీటరే దిక్కు. పసుపు వైరు 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. నారింజ రంగు వైరు 3.3 దగ్గర ఉండాలి. ఊదా రంగు వైరులో మాత్రం క్లిప్పు పెట్టకపోయినా, ప్లగ్గు ఉన్నంతసేపూ 5 వోల్టులు ఉండాలి. వైర్లన్నీ నల్లగా ఉన్న కొత్త రకమైతే ఊహించి గుచ్చకండి. షాపులో టెస్టర్ ఉంటుంది, నిమిషం పని.

ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ నిక్షేపంగా ఉన్నట్టు కాదు. బరువు లేనప్పుడు ఎవరైనా నడుస్తారు, మూట ఎత్తితేనే సంగతి తెలిసేది. వీలైతే తెలిసినవాళ్ల ఎస్‌ఎంపీఎస్ ఒకటి తెచ్చి తగిలించి చూడటం అన్నిటికంటే నమ్మకమైన దారి. కొత్తది కొనాల్సి వస్తే క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే రకం వద్దు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తున్న బ్రాండెడ్‌ది తీసుకోండి.

ఒక్క క్షణం ఫ్యాన్ తిరిగి టక్కున ఆగిపోతుంటే అది షార్ట్ సర్క్యూట్ లక్షణం. ముందు ప్యానెల్ యూఎస్‌బీ పోర్టుల్లో వంగిన పిన్నులున్నాయేమో చూడండి, ఆ పోర్టుల వైరు మదర్‌బోర్డ్ నుంచి తీసి ప్రయత్నించండి. లోపల టార్చి వేసి వెతకండి కూడా. జారిపడ్డ స్క్రూ కావచ్చు, వెచ్చదనానికి చేరిన బల్లి కావచ్చు, చీమల పుట్ట కావచ్చు. నవ్వులాటకు చెప్పడం లేదు. వాడకుండా వదిలేసిన డబ్బాల్లో ఇవన్నీ కాపురం పెడతాయి.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నలుపు

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే.

ముందు మానిటర్‌ను తప్పించండి. మానిటర్ సిగ్నల్ లేదని చూపిస్తోందంటే దాని ప్రాణం బాగానే ఉంది. దాని ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ మీద ఉందా, వీజీఏ మీద ఉందా చూడండి. కేబుల్ రెండు వైపులా పీకి మళ్లీ గట్టిగా పెట్టండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి. ఇల్లు మారినప్పుడు మదర్‌బోర్డ్ పోర్టుకు పెట్టేసి కంగారు పడేవాళ్లు ఎంతమందో. అలాగే ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా తెర రాదు.

తర్వాత కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ గానీ నమ్ లాక్ గానీ నొక్కండి. నొక్కినప్పుడల్లా లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే సిస్టమ్ లోపల లేచే ఉంది, గొడవ తెరదే. లైటులో చలనం లేకపోతే బయోస్ దశలోనే ఆగింది. అప్పుడు ర్యామ్ దగ్గరికి.

ర్యామ్ స్లాట్ చివర్లలో ఉండే క్లిప్పులు నొక్కితే స్టిక్ పైకి వస్తుంది. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్పు ఉంటుంది. అంచులు పట్టుకుని తీయండి, బంగారు రంగు పళ్లకు వేలు తగలనివ్వకండి. ఆ పళ్లను పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా సుతారంగా రుద్దండి. రబ్బరు పొడి పూర్తిగా దులపండి, అది స్లాట్లో పడితే కొత్త తలనొప్పి. స్లాట్‌ను పొడి బ్రష్‌తో తుడవండి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపరలు పడతాయి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పళ్ల మీద పొర త్వరగా పేరుకుంటుంది, లోతట్టు ఊళ్లలో దుమ్ము ఆ పని చేస్తుంది.

తిరిగి పెట్టేటప్పుడు ర్యామ్ మీది గాటు, స్లాట్‌లోని గట్టు కలవాలి. రెండు చివరలూ ‘టక్’ మనేదాకా నొక్కండి. కొంచెం బలమే కావాలి, భయపడి సగంలో ఆపేస్తే మొదటికే మోసం. రెండు స్టిక్కులుంటే ఒక్కటే పెట్టి చూడండి. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో పెట్టమని చాలా కంపెనీలు చెబుతాయి. లేవకపోతే రెండో స్టిక్, ఆ తర్వాత వేరే స్లాట్. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ ఉన్న సిస్టమ్ అయితే ఒక హెచ్చరిక: ర్యామ్ మార్చాక మొదటిసారి అది తనను తాను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు నల్లతెరతోనే ఉంటుంది. టెన్షన్ పడి ఆపేయకండి, టీ తాగి రండి.

మదర్‌బోర్డ్ కూడా మీకు కబురు చెప్పాలనే చూస్తుంది. ఈమధ్య బోర్డులపై సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్క్) అని రాసి పక్కన నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏ లైటు దగ్గర ఆగిపోతే అక్కడే జబ్బు. పాత బోర్డుల్లో ఆ పని బీప్‌లది. ఆగకుండా పొడుగు బీప్‌లు వస్తుంటే చాలావరకు ర్యామ్, ఒక పొడుగు తర్వాత రెండుమూడు పొట్టి బీప్‌లైతే గ్రాఫిక్స్. కంపెనీని బట్టి అర్థాలు మారతాయి కాబట్టి మీ బోర్డు మాన్యువల్ చూసి నిర్ధారించుకోండి. బీప్ వినాలంటే బోర్డుకు చిన్న స్పీకర్ ఉండాలి. లేకపోతే కొని తగిలించండి, చాలా చవక.

ఆ స్పీకర్‌తో నాకిష్టమైన పరీక్ష ఒకటుంది. ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి. బీప్ బీప్ అని గోల పెడితే సంతోషించండి. “నాకు ర్యామ్ లేదు” అని ఏడవగలిగే మదర్‌బోర్డ్, ప్రాసెసర్ బతికే ఉన్నాయి. పెదనాన్నగారి డబ్బా విషయంలో నాకు ధైర్యమిచ్చింది ఈ ఏడుపే.

ఇంకా లేవకపోతే ప్రాసెసర్ దగ్గర ఉండే 4 లేదా 8 పిన్నుల పవర్ వైరు సరిగ్గా దిగిందో లేదో చూడండి. అది ఊడితే ఫ్యాన్లన్నీ చక్కగా తిరుగుతాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. గ్రాఫిక్స్ కార్డు తీసి, మళ్లీ పెట్టి, దానికి వేరే పవర్ వైరు ఉంటే అదీ సరిచూడండి.

ఆ తర్వాత బయోస్ రీసెట్. ప్లగ్గు పీకి, మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్లలా మెరిసే సీఆర్ 2032 బ్యాటరీ తీసి పదినిమిషాలాగి పెట్టండి. కూడిక గుర్తు పైకి ఉండాలి. ఎలాగూ తీశారు కాబట్టి, అది నాలుగైదేళ్ల పాతదైతే కొత్తదే వేసేయండి. వాచీల షాపులో దొరుకుతుంది. దీనికి ముందు మాత్రం డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ గురించి కింద రాసింది చదవండి.

బోర్డు మీద నిలువు డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తి ఉబ్బినా, పగిలి గోధుమరంగు జిగురు కారినా అప్పుడు ఒప్పుకోండి, మదర్‌బోర్డ్ నిజంగానే పోయింది.

లోగో వచ్చింది, డిస్క్ దొరకట్లేదంటోంది

ముందు పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్కులు పీకి రీస్టార్ట్ చేయండి. సగం సార్లు అంతే.

అది కాకపోతే ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ టకటకా నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి, హెచ్‌పీలో ఎఫ్10. అక్కడ రెండు చూడాలి. ఒకటి తేదీ. ఏళ్ల వెనక్కి పోయి ఉంటే బ్యాటరీ అయిపోయింది, దాంతోపాటు బయోస్ సెట్టింగులూ చెరిగిపోయాయి. డిస్క్‌తో మాట్లాడే పద్ధతి (సాటా మోడ్) ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారినా, విండోస్‌ను లేపే పద్ధతి (బూట్ మోడ్) యూఈఎఫ్‌ఐ నుంచి లెగసీకి మారినా డిస్క్ బాగున్నా విండోస్ లేవదు. పాత సెట్టింగ్ తిరిగి పెడితే చాలు. రెండోది, డిస్క్ పేరు జాబితాలో ఉందా లేదా. ఉంటే బూట్ వరసలో దాన్ని మొదటికి తేండి. లేకపోతే డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చండి, పోర్టు మార్చండి, నేరుగా బోర్డు మీదే బిగించే ఎం.2 ఎస్‌ఎస్‌డీ డిస్క్ అయితే స్క్రూ విప్పి మళ్లీ బిగించండి.

హార్డ్ డిస్క్ నుంచి గడియారంలా టక్ టక్ మని చప్పుడొస్తోందా? ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి. లోపల హెడ్ పాడైతే వచ్చే చప్పుడది, ఆన్ చేసిన ప్రతిసారీ డిస్క్ గీసుకుపోతుంది. అందులో పెళ్లి ఫొటోలో, లెక్కల ఫైళ్లో ఉంటే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే నేరుగా వెళ్లాలి.

విండోస్ దాకా వచ్చి తిరగబడుతోంది

ఇక్కడ అందరూ చెప్పే సలహా “ఫార్మాట్ కొట్టేద్దాం”. ఆగండి. 2024 జూలై 19న ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. వాటిలో పాడైన పార్టు ఒక్కటీ లేదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో వచ్చిన ఒక ఫైలును సేఫ్ మోడ్‌లో (తప్పనిసరి భాగాలతో మాత్రమే విండోస్ లేచే పద్ధతిలో) తీసేస్తే లేచాయి. మీ సిస్టమ్‌లోనూ అలాంటి చిన్న ముల్లే ఉండొచ్చు.

విండోస్ చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. ఇలా వరసగా రెండుమూడుసార్లు చేస్తే ఆ తర్వాతసారి రిపేర్ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. మొదట స్టార్టప్ రిపేర్ నొక్కండి. పని చేయకపోతే, ఈమధ్యే అప్‌డేట్ పడి ఉంటే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. తర్వాత సిస్టమ్ రీస్టోర్. ఆ తర్వాత సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, కొత్తగా వేసిన డ్రైవరో సాఫ్ట్‌వేరో తీసేయండి. రిపేర్ తెరే రాకపోతే వేరే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి విండోస్ ఎక్కించుకుని, దాంతో బూట్ చేసి ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ ఎంచుకోండి. పెన్‌డ్రైవ్‌తో బూట్ కావడానికి ఏసస్ బోర్డుల్లో ఎఫ్8, ఎంఎస్‌ఐలో ఎఫ్11, గిగాబైట్‌లో ఎఫ్12 నొక్కాలి.

బిట్‌లాకర్ సంగతి. కొత్త విండోస్ 11 సిస్టమ్‌లు చాలావాటిలో డిస్క్ దానంతటదే తాళం వేసుకుని ఉంటుంది. బయోస్ రీసెట్ చేసినా, మదర్‌బోర్డ్ మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది. ఫోన్లో లాగిన్ అయి ముందే రాసి పెట్టుకోండి. అది లేకపోతే ఆ డేటాను ఎవరూ తీయలేరు.

ఫార్మాట్ తప్పదనుకుంటే ముందు ఫైళ్లు కాపాడండి. విండోస్‌కు బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ అన్నది నొక్కితే డిస్క్‌లో ఏమీ చెరగకుండా తెర లేస్తుంది. అక్కడి నుంచి ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు.

షాపుకు వెళ్లక తప్పకపోతే

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి వెళ్లినా, మీ వీధి చివరి షాపుకు వెళ్లినా “ఆన్ అవ్వట్లేదు” అని మాత్రం చెప్పకండి. “ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే లేదు, ర్యామ్ క్లీన్ చేశాను, ర్యామ్ తీస్తే బీప్ వస్తోంది” అని చెప్పండి. అవతలి మనిషి మాట తీరే మారిపోతుంది. పార్టు మార్చారంటే పాతది తిరిగి అడగండి. పవర్, డిస్‌ప్లే సమస్యలకు మీ డిస్క్‌తో వాళ్లకు పనేమీ లేదు. అది విప్పి బీరువాలో పెట్టి, మిగతా డబ్బా మాత్రం ఇచ్చి రండి.